సశేషం అని రాసే పిల్లలున్న ఇంట్లో

"అమ్మా, ఆక్సిజన్ మొత్తం అయిపోయాక మనిషి ఎంతసేపు స్పృహలో ఉంటాడు?"

పెరుగన్నం కలుపుకుంటూ మా అమ్మాయి అడిగింది. ఇంటర్ మొదటి సంవత్సరం. ఆ వారమే ఫిజిక్స్ వీక్లీ టెస్టులో మార్కులు తగ్గాయి. ఇంటర్ చదివే పిల్లలున్న తల్లులకు ఆ క్షణం నాకేమైందో విడమరిచి చెప్పక్కర్లేదు. "ఎందుకమ్మా?" అన్నాను, గొంతు వణక్కుండా చూసుకుంటూ. "ఊరికే" అంది, ఆవకాయ సీసా తన వైపు లాక్కుంటూ.

ఆ రాత్రి రెండుసార్లు లేచి దాని గది తలుపు తోసి చూశాను. మూడోసారి దుప్పటి కింద ఫోను వెలుగుతోంది. ఇక ఆగలేక పక్కన కూర్చుని సూటిగా అడిగేశాను, చచ్చిపోవాలని ఏమైనా అనిపిస్తోందా అని. కాసేపు నా మొహం చూసింది. ఎందుకడిగానో అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేకపోయింది.

"నాకు కాదమ్మా! కూపర్‌కి."

మీకు అలాంటి అనుమానం వస్తే మీరూ సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన పిల్లలకు లేని ఆలోచన రాదు. జవాబు నవ్వు కాకపోతే టెలి మానస్ నంబరు 14416, పగలూ రాత్రీ పనిచేస్తుంది. మా ఇంట్లో మాత్రం ఆ రాత్రి భయం తీరిపోయి ఇంకో సంగతి బయటపడింది.

కూపర్ అంటే 2014లో వచ్చిన క్రిస్టఫర్ నోలన్ సినిమా 'ఇంటర్‌స్టెల్లార్'లో హీరో. కూతుర్ని భూమ్మీద వదిలేసి, మనుషులు బతకడానికి ఇంకో గ్రహం వెతకబోతాడు. సినిమా చివర్లో, ఎక్కడో ఎడ్మండ్స్ గ్రహం మీద ఒంటరిగా మిగిలిపోయిన బ్రాండ్ అనే శాస్త్రవేత్త దగ్గరికి చిన్న నౌకలో బయల్దేరతాడు. కథ అక్కడ ఆగిపోతుంది. అక్కడ ఆగడం మా అమ్మాయికి నచ్చలేదు. చేరాడా, లేదా? బ్రాండ్ వెంట తీసుకెళ్లిన పిండాల్లోంచి తొలి బిడ్డ పుట్టిందా? పుడితే ఆ బిడ్డకు మాటలు నేర్పేదెవరు, కేస్ అనే ఆ రోబోనా? మాటలంటే ఏ భాష? ఇవన్నీ తనే రాయడం మొదలుపెట్టింది. వారానికో భాగం. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి, ఆ సినిమా అభిమానులు కథలు పంచుకునే చోట పెడుతోంది. నాకు తెలిసేనాటికి 22 భాగాలయ్యాయి. మనీలాలో ఒకరు, బ్రెజిల్లో ఒకరు, నాగపూర్లో ఒకరు, ఇలా అరవై మంది దాకా ఎదురుచూస్తున్నారు. రాజమండ్రిలో అదే ఇంట్లో, పక్క గదిలో ఉన్న నాకు తెలియదు.

దీన్ని ఫ్యాన్‌ఫిక్షన్ అంటారని తను చెప్పింది. ఒకరు కట్టిన లోకంలో అభిమానంతో ఇంకొకరు అల్లే కథ. మొదట నాకు చిన్నచూపే కలిగింది. సొంతంగా రాసుకోవచ్చుగా, ఎవరివో పాత్రలెందుకు అన్నాను. అన్నాక సిగ్గేసింది. వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. బలరాముడి కూతురికీ అభిమన్యుడికీ పెళ్లి అన్నది తర్వాతివాళ్ల కల్పన. 1957లో వచ్చిన 'మాయాబజార్' ఆ కల్పన మీదే నిలబడింది. వాల్మీకి ఊర్మిళను పెద్దగా పట్టించుకోకపోతే మన ఆడవాళ్లు ఊర్మిళాదేవి నిద్ర అంటూ పాట కట్టి పాడుకున్నారు. గురజాడ గిరీశాన్ని ముళ్లపూడి వెంకటరమణ పట్టుకొచ్చి సినిమాల మీద లెక్చర్లు ఇప్పించారు. అంతమంది చేసిన పనే నా కూతురు చేస్తే తప్పెలా అవుతుంది?

పడమటి దేశాల్లో ఈ అలవాటుకు ఇప్పుడున్న రూపం 'స్టార్ ట్రెక్' అభిమానులు ఇచ్చారు. ఆ సీరియల్ అమెరికా టీవీలో 1966లో మొదలైతే, మరుసటి ఏడాదే 'స్పాకనాలియా' అనే పత్రిక వచ్చింది. సైక్లోస్టైల్ చేసి పోస్టులో పంపుకునేవారు. ఆ అభిమానుల్లో ఆడవాళ్లు చాలామంది. ఆ రోజుల్లో అలా రాసిన అమ్మాయిల్లో లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ ఒకరు. తర్వాత సొంత సైన్స్ ఫిక్షన్ నవలలు రాసి హ్యూగో అవార్డులు చాలాసార్లు గెలుచుకున్నారు. అభిమానులు నడుపుకునే 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' అనే కథల భండారానికి 2019లో అదే హ్యూగో వచ్చింది. ఇదంతా నేను తర్వాత తెలుసుకున్నది. ముందే తెలిసుంటే ఆ చిన్నచూపు మాట నోటి నుంచి వచ్చేది కాదు.

వారంవారం ఎదురుచూపు మాత్రం మనకెవరూ నేర్పక్కర్లేదు. మా అమ్మ వారపత్రికల్లో సీరియల్ పేజీలు జాగ్రత్తగా చించి, దొంతరపెట్టి, బైండింగ్ చేయించుకునేది. యండమూరి ఒకటి, యద్దనపూడి ఒకటి. పేజీ అడుగున 'సశేషం' అన్న మాట చూసి ఉస్సురనేది. ఆ మాటను ఇప్పుడు నా కూతురు రాస్తోంది, ఇంగ్లీషులో.

ఇక మీకు చెప్పదలచుకున్న వాటిలో మొదటిది. మీ పిల్లలు ఇలా రాస్తున్నారని తెలిస్తే ముందు చదవండి. ఫోన్ లాక్కోవడం, క్లాసు పీకడం, మేనమామతో మాట్లాడించడం తర్వాత. ఆ చదవడం కూడా అడిగి చదవండి. నేను అడిగితే "నీకు నచ్చదులే" అంది. రెండ్రోజులాగి మళ్లీ అడిగాను. మూడోసారికి షరతులు పెట్టింది. తప్పులు దిద్దకూడదు. నాన్నకు చెప్పకూడదు. ఏడో భాగం చదవకూడదు. ఒప్పుకున్నాను. ఏడో భాగం ఇప్పటికీ చదవలేదు. ఆ ఒక్క నియమం పాటించినందుకే మిగతావన్నీ చూపించిందని నా నమ్మకం.

చదివాక నేను చేయబోయి ఆపుకున్నవి చాలా ఉన్నాయి. బ్యాంకులో లోన్ ఫైళ్లు చూసిచూసి కంటికి తప్పులే ముందు కనబడతాయి. ఒక భాగంలో కాలం కలవలేదు, ఇంకో భాగంలో టార్స్ అనే ఇంకో రోబో పేరు రావాల్సిన చోట కేస్ అని పడింది. నోరు మూసుకున్నాను. అడిగిందల్లా ఒక్కటే, "తర్వాతేమైంది?" దిద్దేవాళ్లు కాలేజీలో చాలామంది ఉన్నారు. ఆ ప్రశ్న అడిగేవాళ్లే తక్కువ. అది ఇంట్లో దొరక్కే ఆ పిల్ల మనీలా దాకా వెళ్లింది కదా అని కూడా అనుకున్నాను.

చదువుతుంటే 14వ భాగం వచ్చింది. ప్రయాణంలో కూపర్ టార్స్‌తో అంటాడు, సిగ్నల్ సరిగా లేక వీడియోలో మొహం బిగుసుకుపోయినా, ఆ మొహం వెనక కూతురు నవ్విందో ఏడ్చిందో తను పోల్చుకోగలనని. మా ఆయన ఆరేళ్లుగా దోహాలో పనిచేస్తున్నారు. ఏడాదికి ఒక నెల ఇంట్లో. ప్రతి శుక్రవారం వీడియో కాల్. అందరం ఒకరి తర్వాత ఒకరం ఫోన్ అందుకుంటాం, కరెంటు బిల్లూ గ్యాస్ సబ్సిడీ మాటల మధ్య. ఫోన్ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లి కాసేపు ఊరికే నిలబడ్డాను.

ఇక్కడ తల్లిదండ్రులు చేసే పొరపాటు ఒకటుంది. కథ చదివి, "ఇది నాన్న గురించేనా?" అని నిలదీయడం. నేనలా అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. కథలో దాచుకున్నదాన్ని బయటికి లాగితే ఆ పిల్ల ఇంక కథలో కూడా దాచుకోదు. నేను చేసింది ఒక్క చిన్న మార్పు. శుక్రవారం కాల్‌లో మొదటి పావుగంట కూతురిది, తలుపు వేసుకుని. మా ఆయనకు కారణం చెప్పలేదు, మాట ఇచ్చాను కాబట్టి. "పిల్లతో విడిగా మాట్లాడండి" అన్నానంతే.

చదువు పాడవుతుందేమోనన్న భయం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఆ సినిమాలో ఒక నీళ్ల గ్రహం ఉంటుంది. అక్కడ గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు. శాస్త్ర సలహాలిచ్చిన కిప్ థోర్న్‌కు 2017లో భౌతికశాస్త్రం నోబెల్ వచ్చింది, గాల్లోంచి పుట్టిన లెక్క కాదది. మా అమ్మాయి కెమిస్ట్రీ నోట్సు అంచున లెక్కేసుకుంది. సుమారు 61 వేల రెట్లు. అంటే అక్కడ ఒక్క సెకను ఇక్కడ 17 గంటలు. "నువ్వు మధ్యాహ్నం పన్నెండుకు కుక్కర్ పెట్టావనుకో, వాళ్లక్కడ కన్నార్పేసరికి ఇక్కడ తెల్లారి ఐదు, పాలబ్బాయి గేటు కొడుతున్నాడు" అని చెప్పింది. పాఠంలో అయితే ఆ అధ్యాయం దాటేయాలని చూసే పిల్ల. ఆ ఆక్సిజన్ ప్రశ్నకు జవాబూ ఒక పాఠకుడి దగ్గర్నుంచే వచ్చింది. మూసిన గదిలో ఆక్సిజన్ అయిపోకముందే మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ పేరుకుని ముంచుతుందని, 1970లో అపోలో 13లో ముగ్గురి ప్రాణాల మీదికి తెచ్చిన చిక్కుల్లో అదీ ఒకటని ఎవరో రాశారు. ఆ రాత్రే అపోలో 13 గురించి దొరికిందల్లా చదివి, భాగం మొత్తం తిరగరాసింది. ఇలా పాఠకులు దిద్దగా బాగుపడిన కథల్లో పేరున్నది ఆండీ వియర్ రాసిన 'ది మార్షియన్'. అది అభిమాని రాసిన కథ కాదు, సొంతదే. కానీ ఇలాగే అధ్యాయం తర్వాత అధ్యాయం ఉచితంగా పెడుతూ వచ్చారు. శాస్త్రం తెలిసిన పాఠకులు తప్పులు చూపిస్తే దిద్దుకున్నారు. 2015లో సినిమా కూడా అయింది. ఈ సంగతి మీ పిల్లలకు చెబితే చెప్పండి కానీ, "మరి నీదెప్పుడు?" అని మాత్రం తోక తగిలించకండి.

ఇప్పుడు నా తప్పు.

23వ భాగం బాగా వచ్చింది. ఎడ్మండ్స్ గ్రహం మీద తొలి మొలక గోంగూర. గోంగూర అంటే ఏమిటని మనీలా పాఠకురాలు అడిగితే మా అమ్మాయి మూడు పేరాల జవాబు రాసింది, పులుపు ఎర్ర గోంగూరకు ఎక్కువా తెల్ల గోంగూరకు ఎక్కువా అన్నదాంతో సహా. నాకు గర్వం ఆగలేదు. ఆ లింకు తీసుకెళ్లి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "మా చిన్నది రాస్తోంది, ఆశీర్వదించండి" అని ఒక ముక్క. గ్రూపులో 37 మంది. పది నిమిషాల్లో పువ్వులూ చప్పట్లూ. ఒక బాబాయ్ "దీనికి డబ్బులేమైనా వస్తాయా?" అన్నాడు. ఒక కజిన్ వెనక్కి వెనక్కి వెళ్లి ఏడో భాగం పట్టుకుంది. అందులో ముద్దు ఉందట. సాయంత్రానికి ఆ పిల్లను కలం పేరుతో పిలిచి ఏడిపించడం మొదలైంది.

మా అమ్మాయి అరవలేదు. అరిచుంటే బావుండేది. "నువ్వు ఏడో భాగం చదవలేదు కదా, అందుకే చూపించాను" అంది. అంతే. మూడు ఆదివారాలు ఏమీ రాయలేదు. బ్రెజిల్ నుంచి, నాగపూర్ నుంచి అడుగుతున్నారు, అంతా క్షేమమేనా అని. పక్క గదిలో ఉన్న నేను అడగలేకపోతున్నాను.

పిల్లలు ఇంటర్నెట్‌లో ఎవరికి దొరికిపోతారోనని మనం హడలిపోతాం. నా కూతురి కలం పేరును దాని అసలు పేరుకీ, ఊరికీ, కాలేజీకీ కలిపి ముడేసి 37 మందికీ, వాళ్లు ఫార్వర్డ్ చేసిన ఎంతమందికో పంచింది మాత్రం నేనే. కలం పేరు సరదాకు పెట్టుకున్నది కాదు. ఆ పిల్లకున్న ఒకే ఒక గొళ్లెం అది. నేను బయటి నుంచి తీశాను. గ్రూపులో మెసేజ్ డిలీట్ చేశాను, అందర్నీ లింకు చెరిపేయమని ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. కూతురికి క్షమాపణ చెప్పాను. "గర్వం కొద్దీ చేశానమ్మా" అనబోయి ఆ ముక్క మింగేశాను, అది క్షమాపణను సగానికి కోసేస్తుంది. తను కలం పేరు మార్చుకుని, పాత పాఠకులకు తెలిసేలా ఒక చిన్న నోట్ పెట్టి, నాలుగో ఆదివారం మళ్లీ మొదలుపెట్టింది. కొత్త పేరు నాకు చెప్పడానికి ఇంకో రెండు వారాలు పట్టింది.

కాబట్టి మీ పిల్లల కథ గురించి పెళ్లిళ్లలో చెప్పకండి, స్టేటస్‌లో పెట్టకండి, వాళ్ల టీచరుకు చూపించకండి. ఎవరికి చెప్పాలో వాళ్లు ఎంచుకుంటారు. ఆ ఎంపికలో మనం లేకపోయినా ఓర్చుకోవాలి.

కొత్తవాళ్ల ముప్పు లేదని కాదు. ఉంది. ఈ అభిమానుల గుంపుల్లో పదిహేనేళ్ల పిల్లలూ ఉంటారు, యాభై ఏళ్ల వాళ్లూ ఉంటారు, ఒకే కథ కింద పక్కపక్కనే మాట్లాడుకుంటారు. చాలామంది మంచివాళ్లే. కానీ ఎవరు ఏమని చెప్పుకుంటే అదే మనకు తెలిసేది. డిసెంబరులో ఒకతను వచ్చాడు. ప్రతి భాగాన్నీ ఆకాశానికెత్తేవాడు. నెలకల్లా "ఇక్కడ కాదు, వేరే యాప్‌లోకి రా, కథకు ఐడియాలిస్తాను" అన్నాడు. ఆ తర్వాత ఏ కాలేజీ అన్నాడు. ఆ తర్వాత "నీ గొంతు వినాలనుంది, వాయిస్ నోట్ పంపు, ఎవరికీ చెప్పకు" అన్నాడు. చపాతీలు ఒత్తుతుంటే వచ్చి ఫోన్ నా ముందు పెట్టింది. "ఇది తేడాగా లేదూ?"

నేను ఫోన్ లాక్కోలేదు. "అసలు వాడితో మాట్లాడమని ఎవరన్నారు?" అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. దాన్ని బయటికి రానిచ్చుంటే ఇంకోసారి ఆ పిల్ల నా దగ్గరికి రాదు. ఇద్దరం కలిసి స్క్రీన్‌షాట్లు తీశాం, బ్లాక్ చేశాం, ఆ చోటు నడిపేవాళ్లకు రిపోర్ట్ చేశాం. తర్వాత చపాతీలు తిన్నాం.

పిల్లలకు ముందే చెప్పి ఉంచాల్సింది ఇదొక్కటే. అందరూ చూసే చోట నుంచి ఎవరూ చూడని చోటుకు పిలిచేవాడి మీద, ఎంత తియ్యగా పిలిచినా, అనుమానం పడాలి. రహస్యంగా ఉంచమన్నవాడి మాటే ముందు మనకు చెప్పాలి. పొగడ్త ఎంత పెద్దదైనా అందరి ముందే చెప్పొచ్చు. ఒకవేళ ఫోటో ఇచ్చేశాక, బెదిరింపులు మొదలయ్యాక మీకు తెలిసిందనుకోండి. డబ్బు కట్టకండి, భయపడి మెసేజ్‌లు చెరిపేయకండి, అవే సాక్ష్యం. సైబర్ నేరాలకు 1930, పిల్లల సాయానికి 1098. ఈ రెండు నంబర్లకన్నా ముందు, ఇందులో నీ తప్పు లేదని పిల్లకు చెప్పండి.

వయసు అబద్ధం చెప్పి ఖాతా తెరవనివ్వకండి. ఇందాక చెప్పిన ఆర్కైవ్, వాట్‌ప్యాడ్ వంటివి 13 ఏళ్లలోపు వాళ్లను చేర్చుకోవు. మన దేశంలో 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం 18 దాటనివాళ్లందరినీ పిల్లలుగానే లెక్కేసి, వాళ్ల వివరాలు వాడటానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. ఇక పెద్దవాళ్ల కోసం రాసిన కథలు అక్కడ ఉంటాయి, ఉంటాయనే తెలుసుకోండి. చాలాచోట్ల కథ మొదట్లోనే ఏ వయసుకు తగినదో, లోపల ఏముందో ట్యాగుల్లో రాస్తారు. ఆ ట్యాగులు చదవడం మీ పిల్లకు వచ్చేమో కనుక్కోండి. మా అమ్మ వారపత్రికలో కొన్ని పేజీలు పిన్ను కొట్టి నా చేతికిచ్చేది. ఇప్పుడా పిన్ను పిల్లల చేతిలోనే ఉంది. వాడటం నేర్పగలం, అంతవరకే.

కామెంట్ల సంగతికొస్తే, చెడ్డవాళ్లకన్నా ఎక్కువ ఏడిపించేది చమత్కారులు. 26వ భాగంలో మా అమ్మాయి కొత్త పాత్రను తెచ్చింది. పదహారేళ్ల తెలుగు పిల్ల, వృక్షశాస్త్రవేత్త. రోబోలు దాని మాట వింటాయి, బ్రాండ్ దాన్ని సలహా అడుగుతుంది, ఏ తలుపైనా దాని చెయ్యి తగిలితే తెరుచుకుంటుంది. ఎవరో "పక్కా మేరీ స్యూ" అని రాసి పోయారు. ఆ రాత్రి అన్నం తినలేదు.

మేరీ స్యూ ఎవరో నేను వెతుక్కోవాల్సొచ్చింది. 1973లో పాలా స్మిత్ అనే ఆవిడ స్టార్ ట్రెక్ అభిమానుల కథల్ని వెక్కిరిస్తూ ఒక చిన్న కథ రాసింది. పదిహేనున్నరేళ్లకే లెఫ్టినెంటయిన పిల్ల, అన్నీ తనే చేసేస్తుంది, అందరూ తనను మెచ్చుకుంటారు, చివరికి చచ్చిపోతే అందరూ ఏడుస్తారు. ఆ పిల్ల పేరు ఇలాంటి పాత్రలన్నిటికీ తిట్టుగా మిగిలిపోయింది. నాకు మాత్రం ఇందులో నవ్వొచ్చేదేమీ కనిపించలేదు. ఒక్క హీరో వందమందిని కొట్టే సినిమాలకు విజిలేసే మనం, పదహారేళ్ల పిల్ల తనను తాను నౌక నడిపేదానిగా ఊహించుకుంటే వెక్కిరిస్తామా? కోపంతో ఒక జవాబు టైప్ చేశాను కూడా, దాని ఖాతాలోంచే, అది స్నానానికి వెళ్లినప్పుడు. పంపలేదు. దేవుడు రక్షించాడు. మీరూ పంపకండి. పిల్లల గొడవలోకి తల్లి దిగిందని తెలిస్తే ఆ చోట ఆ పిల్లకు ఇంక మర్యాద ఉండదు.

"ఎవరో ముక్కూమొహం తెలియనివాడు అన్నదానికి ఏడుస్తావా?" అని కూడా అనకండి. ముక్కూమొహం తెలియనివాళ్లు మెచ్చుకున్నప్పుడు ఆ సంతోషం నిజమైనప్పుడు ఈ ఏడుపూ నిజమే. ఒక రోజు పోనిచ్చి, ఆ మాటలో పదో వంతైనా పనికొచ్చేది ఉందా అని అడిగాను. జవాబు చెప్పలేదు. 29వ భాగంలో ఆ పిల్ల నాటిన గోంగూర కుళ్లిపోయింది. తప్పు దానిదే, నీళ్లు ఎక్కువ పెట్టింది. ఆ భాగానికి ముందెన్నడూ రానన్ని కామెంట్లొచ్చాయి.

నిద్ర గురించి మాత్రం నేను గట్టిగానే ఉన్నాను. రాత్రి పదిన్నరకు ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కు రావాలి, నాది కూడా. రాయాలనిపిస్తే లాంగ్ నోట్‌బుక్ ఉంది. పరీక్షలు దగ్గరపడ్డప్పుడు ఆపేయమని చెప్పలేదు. "పరీక్షలైపోయేదాకా కూపర్‌ని ఎక్కడ ఉంచుతావ్?" అని అడిగాను. రెండు రోజులు ఆలోచించి, "ఒక కక్ష్యలో పార్క్ చేస్తా, ఇంధనం కూడా ఖర్చు కాదు" అంది. పబ్లిక్ పరీక్షలున్నాయి, ఏడు వారాల తర్వాత వస్తానని పాఠకులకు రాసింది. దాన్ని వాళ్లు హయటస్ అంటారట. అరవై మందీ బాగా రాయమని దీవించారు. నాగపూర్ ఆవిడ హాల్ టికెట్ మర్చిపోవద్దని కూడా రాసింది. మధ్యలో మొహమాటానికి ఒక భాగం ఏఐ చేత రాయించి పెట్టేద్దామా అన్న ఆలోచన వచ్చిందట. "మరి కూపర్ ఏమవుతాడో నాక్కూడా తెలియదు కదమ్మా" అని తనే మానుకుంది.

ఒకవేళ మీ పిల్ల కథను మధ్యలో వదిలేస్తే వదిలేయనివ్వండి. మొదలుపెట్టినవన్నీ పూర్తి చేయాలన్న నియమం మీరు వదిలేసిన హిందీ ప్రవీణకూ, నేను వదిలేసిన వీణకూ వర్తించలేదు.

డబ్బు మాట రెండు ముక్కల్లో. ఆ లోకం, ఆ పాత్రలు వేరేవాళ్ల సొత్తు. అభిమానంతో ఉచితంగా రాసుకుంటే చాలామంది హక్కుదారులు చూసీచూడనట్టు పోతారు, అందరూ కాదు. అమ్మడం మొదలుపెడితే మాత్రం కాపీరైటు గొడవే. పుస్తకంగా వేయించి పుట్టినరోజు కానుకగా ఇద్దామని మా తమ్ముడు ఉబలాటపడ్డాడు. ఒక్క కాపీ, ఇంట్లోకి, అమ్మకానికి కాదు అని చెప్పాను. అదీ తను ఒప్పుకుంటేనే. ఇంకా ఒప్పుకోలేదు.

తెలుగులో రాయవచ్చు కదా అని నాకుంటుంది. ఒకసారి అన్నాను కూడా. మొహం ముడుచుకుంది. ఇంక అనలేదు. కాకపోతే ఈమధ్య ఆ గ్రహం మీద పుట్టిన తొలి బిడ్డ మొదటిసారి నోరు తెరిచి అన్న మాట "అత్త" అట. అమ్మ లేని బిడ్డ కదా, బ్రాండ్‌ను అమ్మా అని ఎలా పిలుస్తుంది అని వివరించింది. ఆ మాట అలాగే, తెలుగులోనే, ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. అర్థం అడిగినవాళ్లకు ఇంకా జవాబివ్వలేదు.

పరీక్షలైపోయాయి. 41వ భాగం ఈ ఆదివారం రాత్రి తొమ్మిదింటికి వస్తుంది. కూపర్ కక్ష్య దాటాడో లేదో నాక్కూడా తెలియదు. అడిగితే "అందరితోపాటు చదువు" అంది.